నలుగురూ మొహం తిప్పుకునే వ్యాపారం మీద పీహెచ్‌డీ చేయవచ్చా?

ప్రశ్న: మాది అమలాపురానికి దగ్గరలో ఒక పల్లెటూరు. ఎంబీఏ పూర్తి చేసి ఒక విశ్వవిద్యాలయంలో మేనేజ్‌మెంట్ విభాగంలో పీహెచ్‌డీకి చేరాను. కోర్సు వర్కు అయిపోయింది, సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) ఇవ్వాలి. సంస్థల అధ్యయనం నా రంగం. అశ్లీల చిత్రాల పరిశ్రమ ఒక వ్యాపారంగా ఎలా నడుస్తుంది, అందరూ అసహ్యించుకునే కంపెనీకి పెట్టుబడి, ఉద్యోగులు, బ్యాంకు ఖాతా ఎలా దొరుకుతాయి అన్నది పరిశోధించాలని ఉంది. మా గైడుగారు వినగానే "నీకూ వద్దు, నాకూ వద్దు, బ్యాంకు ఉద్యోగుల ఉద్యోగ సంతృప్తి మీద చేసుకో" అన్నారు. నాన్నగారు సహకార సొసైటీలో పనిచేస్తారు. ఇంట్లో నాకు సంబంధాలు చూస్తున్నారు, ఈ సంగతి ఇంకా చెప్పలేదు. దీన్ని మామూలు వ్యాపారమే అనుకుని పరిశోధిస్తే తప్పేమిటి? చట్టపరమైన చిక్కులు ఏమైనా ఉంటాయా? నాతో మాట్లాడేవారి పేర్లు సిద్ధాంత గ్రంథంలో కృతజ్ఞతగా వేయవచ్చా?

— ఒక పరిశోధక విద్యార్థిని, కోనసీమ

సమాధానం: మీ ఉత్తరంలోని అసలు ప్రశ్న చాలా మంచిది. అందరూ అసహ్యించుకునే సంస్థ ఎలా బతుకుతుంది, దానికి అప్పు ఎవరిస్తారు, అందులో ఉద్యోగానికి ఎవరు చేరతారు, చేరినవారు ఇంటికి వెళ్లి ఏమని చెప్పుకుంటారు అన్నవి మీ రంగంలో ఎంతో గౌరవం ఉన్న ప్రశ్నలే. బ్యాంకు ఉద్యోగుల సంతృప్తి గురించి మన విశ్వవిద్యాలయాలకు ఇప్పటికే తెలిసినది చాలు. మీరు ఇంకొకటి చేర్చకపోయినా ఆ ఉద్యోగులకు లోటు జరగదు. అయితే మీరు రాసిన ఒక వాక్యంతో మాత్రం నేను ఏకీభవించలేను. దీన్ని మామూలు వ్యాపారమే అనుకుని పరిశోధిస్తానంటున్నారు. పద్ధతి మామూలుగా ఉండాలి, నిజమే. సిమెంటు కంపెనీ గురించి రాసేటప్పుడు చూపే నిదానం, లెక్క, అనుమానం ఇక్కడా చూపాలి. కానీ వ్యాపారం మామూలుది కాదు, కాకపోవడమే మీ పరిశోధనకు ప్రాణం. సమాజం వేసే నిందను పక్కన పెట్టి చూస్తే మీ చేతిలో మిగిలేది వీడియో పంపిణీ కంపెనీల మీద ఒక సాదా నివేదిక మాత్రమే.

గైడుగారి దగ్గరకు మళ్లీ వెళ్లేటప్పుడు, ఇది మీకు ఒక్కరికే తోచిన వింత ఆలోచన కాదనీ దీని వెనుక సుమారు డెబ్బయ్యేళ్ల చర్చ ఉందనీ చూపించగలగాలి. సమాజం తనకు అవసరమైన కొన్ని పనులను కొందరిచేత చేయించుకుని, చేసినందుకు మళ్లీ వారినే దూరం పెడుతుందన్న ఆలోచనను అమెరికన్ సమాజ శాస్త్రవేత్త ఎవెరెట్ హ్యూస్ 1950ల నుంచే "డర్టీ వర్క్" అన్న పేరుతో చర్చకు పెట్టారు. కళంకం పడ్డ మనిషికి దగ్గరగా మసిలేవారికి కూడా ఆ కళంకంలో కొంత అంటుకుంటుందని మరో సమాజ శాస్త్రవేత్త ఎర్వింగ్ గోఫ్‌మన్ 1963లో రాశారు. ఆ మాట మీకూ మీ గైడుగారికీ మీ ఇంటివారికీ వర్తిస్తుంది కనుక దాన్ని గుర్తుంచుకోండి. 1999లో బ్లేక్ ఆష్‌ఫోర్త్, గ్లెన్ క్రైనర్ ఈ మైలను మూడుగా విడదీశారు. చెత్తతోనో శవంతోనో ప్రమాదంతోనో పని కావడం వల్ల వచ్చేది భౌతికమైనది, నిందపడ్డ మనుషులతో మెలగడం వల్లనో ఒకరి కింద ఊడిగం చేయడం వల్లనో వచ్చేది సామాజికమైనది, పని పాపపుదనో మోసపూరితమైనదనో జనం అనుకోవడం వల్ల వచ్చేది నైతికమైనది. ఇలాంటి పనుల్లో ఉన్నవారు మనం ఊహించుకున్నంత ఆత్మన్యూనతతో ఉండరనీ, తోటివారంతా కలిసి ఆ పనికి ఒక అర్థం కల్పించుకుంటారనీ వారి వాదన.

వ్యక్తుల నుంచి సంస్థల వైపు ఈ ఆలోచనను మళ్లించినది బ్రయంట్ హడ్సన్. ఒక కుంభకోణమో ప్రమాదమో జరిగినందుకు కంపెనీకి వచ్చే చెడ్డపేరు వేరనీ, ఆ కంపెనీ చేసే పనే తప్పని జనం భావించడం వల్ల పుట్టుకతో వచ్చే కళంకం వేరనీ ఆయన 2008లో విడదీసి చూపారు. మొదటిది కాలంతో పోతుంది, రెండవది అంత సులువుగా పోదు, దానితోనే కాపురం చేయాలి. మరుసటి ఏడాది జెరార్డో ఒఖుయ్‌సెన్‌తో కలిసి అమెరికాలో పురుషులు పురుషులతో లైంగికంగా కలుసుకునే స్నానశాలల మీద ఆయన వేసిన వ్యాసాన్ని మీరు తప్పక చదవాలి. అలాంటి సంస్థ తనను తాను కాపాడుకోవడంతో ఆగదనీ, తన దగ్గరకు వచ్చేవారికీ సరుకు ఇచ్చేవారికీ కళంకం అంటకుండా చూసుకోవడం కూడా దాని రోజువారీ నిర్వహణలో భాగమేననీ అందులో కనిపిస్తుంది. ఆయుధ కంపెనీల మీద జాన్-ఫిలిప్ వెర్న్ 2012లో, వైద్య అవసరాలకు గంజాయి అమ్మే వ్యాపారం మీద కీషా లాష్లీ, టిమొతి పొలాక్ 2020లో ఈ దారినే నడిచారు. అశ్లీల చిత్రాల పరిశ్రమ మీదనే ఇదే దృష్టితో పనిచేసినవారు జార్జీనా వాస్. ఆమె పుస్తకం 2015లో వచ్చింది. కనుక మీ దారి కొత్తది కాదు, మన దగ్గర నడిచినవారు తక్కువ, అంతే.

ఇక ఈ వ్యాపారం మామూలుది ఎందుకు కాదో రెండు సంఘటనల్లో చూడండి. 2020 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన ఒక వ్యాసం, ప్రపంచంలోని అతిపెద్ద అశ్లీల వీడియో వెబ్‌సైట్లలో ఒకదానిలో మైనర్ల వీడియోలు, అత్యాచారాల వీడియోలు ఉన్నాయని బయటపెట్టింది. కొద్ది రోజుల్లోనే వీసా, మాస్టర్‌కార్డ్ ఆ సైటుకు చెల్లింపులు ఆపివేశాయి, ఆ సైటు గుర్తింపు తేలని ఖాతాల నుంచి వచ్చిన వీడియోలన్నింటినీ, అంటే తనలో ఉన్నవాటిలో అధిక భాగాన్ని, తొలగించింది. మరుసటి ఆగస్టులో ఓన్లీఫ్యాన్స్ అనే చందాల వేదిక, అక్టోబరు 1 నుంచి బాహాటమైన లైంగిక దృశ్యాలను అనుమతించబోమని ప్రకటించి, వారం తిరగకుండానే ఆ ప్రకటనను వెనక్కు తీసుకుంది. తమకు ఆ ఒత్తిడి బ్యాంకుల నుంచి వచ్చిందని ఆ సంస్థ అధిపతే చెప్పారు. ప్రభుత్వాలూ న్యాయస్థానాలూ ఏళ్ల తరబడి చేయలేకపోయిన మార్పును కార్డు కంపెనీలు రోజుల్లో చేయించాయి. బిస్కెట్లు అమ్మే కంపెనీకి బ్యాంకు ఖాతా అన్నది ఆలోచించవలసిన సంగతే కాదు, ఇక్కడ మాత్రం కంపెనీ నిర్మాణమంతా ఆ ఖాతా చుట్టూ అల్లుకుని ఉంటుంది. ఏ దేశంలో నమోదు కావాలి, ఏ పేరు పెట్టుకోవాలి, ఎవరి వయసు పత్రాలు ఎక్కడ భద్రపరచాలి అన్న నిర్ణయాలన్నీ అక్కడి నుంచే వస్తాయి. అమెరికాలో నటీనటుల వయసు ధ్రువపత్రాలు దాచి చూపించవలసిన బాధ్యతను చట్టమే నిర్మాతల మీద పెట్టింది కనుక, ఈ పరిశ్రమలో ఫైళ్లు చూసే గుమాస్తా ఉద్యోగం కెమెరా పట్టే ఉద్యోగానికి ఏమాత్రం తీసిపోదు. మీ వంటి పరిశోధకురాలికి ఆసక్తి కలగవలసినది ఆ గుమాస్తా గదిలోనే అని నా అభిప్రాయం.

అంకెల విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. ఈ పరిశ్రమ గురించి ఎక్కడ చదివినా "ఇన్ని వేల కోట్ల డాలర్ల వ్యాపారం" అన్న వాక్యం మొదటి పేజీలోనే ఎదురవుతుంది. 1990ల చివర అమెరికాలో ఏటా వెయ్యి కోట్ల డాలర్లన్న అంకె ఇలాగే పత్రికల నుంచి పత్రికలకు పాకింది. 2001లో ఫోర్బ్స్ పత్రికలో డాన్ ఆక్‌మన్ దాని మూలం వెతికి, విడివిడిగా లెక్క వేసి చూస్తే 260 కోట్ల నుంచి 390 కోట్ల డాలర్ల మధ్య మాత్రమే తేలింది. ఇందులో ఒక సంగతి గమనించండి. పరిశ్రమను తిట్టేవారికి పెద్ద అంకె కావాలి, ప్రమాదం ఎంత పెద్దదో చూపడానికి. పరిశ్రమలో ఉన్నవారికీ పెద్ద అంకే కావాలి, తాము ఎంత పెద్దవారమో చూపడానికి. ప్రైవేటు కంపెనీలు లెక్కలు బయటపెట్టవు, ఇద్దరిలో ఎవరికీ సరిచూసే అవసరం లేదు. మీ సినాప్సిస్ మొదటి పేజీలో అలాంటి అంకె ఒకటి పెట్టి మొదలుపెడితే, చదివిన పరీక్షకుడు మిగతా పేజీలను కూడా అదే అనుమానంతో చదువుతాడు.

మీ ఉత్తరంలో నాకు కనిపించిన పెద్ద చిక్కు వేరే ఉంది. చట్టం ఒప్పుకోకపోవడం, నలుగురూ ఈసడించడం, నిజంగా హాని జరగడం అన్న మూడు సంగతులను మీరు ఒకే మాటగా రాసుకుంటూ వెళ్లారు. వీటిని విడదీయడానికి లాస్ ఏంజెల్స్ వెళ్లనక్కరలేదు, మన డెల్టా చాలు. సంక్రాంతి మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కలా కోనసీమలోనూ బరులు ఎలా వెలుస్తాయో మీరు చిన్నప్పటి నుంచి చూసే ఉంటారు. కోళ్లకు కత్తి కట్టి వదలడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం, వాటి మీద డబ్బు కాయడం 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ప్రకారం నేరం, ఉమ్మడి హైకోర్టు 2016 డిసెంబరులో వీటిని ఆపించాలని గట్టిగా ఆదేశించింది కూడా. అయినా కొత్త అల్లుడిని బరి దగ్గరకు తీసుకువెళ్లడం మన దగ్గర మర్యాదే గాని తలవంపు కాదు. షామియానాలు, ఫ్లడ్‌లైట్లు, పెద్ద తెరలు, కార్లు నిలపడానికి చదును చేసిన పొలం, పక్కనే గుండాట బల్లలు, వీటన్నింటినీ నిర్వహించే పెద్దమనుషులు ఫ్లెక్సీల మీద తమ ఫొటోలు తామే వేయించుకుంటారు. నేరం ఉంది, కళంకం లేదు.

అదే ఊళ్లో తీర్థానికి రికార్డింగ్ డాన్సు పెట్టించినప్పుడు జరిగే తంతు చూడండి. ఇలాంటిది ఒకటి నేను దగ్గర నుంచి చూశాను. పోలీసు స్టేషనుకు ఇచ్చిన దరఖాస్తులో సాంస్కృతిక కార్యక్రమమని రాశారు. బృందం వ్యాను మిట్టమధ్యాహ్నం ఊరి వెనుక దారి నుంచి వచ్చి బడి దగ్గర ఆగింది. ఆడపిల్లలకు ఒక తరగతి గది ఇచ్చి, కిటికీలకు వాళ్లే తెచ్చుకున్న చీరలు కట్టుకోమన్నారు. ఏ ఇంటి నుంచీ భోజనం రాలేదు, హోటలు పొట్లాలు వచ్చాయి. వారిని తీసుకువచ్చిన ఏజెంటు జేబులో నుంచి చిన్న నోటుపుస్తకం తీసి, స్టేజీ మీద లైటు వెలగకముందే మిగతా డబ్బు లెక్కపెట్టి పుచ్చుకున్నాడు. ఆట అయిపోయాక అడిగితే కమిటీలో ఒక్కరూ దొరకరని అతనికి అనుభవం. కుదిర్చిన కమిటీ సభ్యుడు ఆ రాత్రంతా స్టేజీకి దూరంగా, జనరేటరు పక్కన నిలబడ్డాడు. ఏ ఊరమ్మా అని అడిగితే ఆ పిల్లలు జిల్లా పేరు చెప్పారు గాని ఊరి పేరు చెప్పలేదు. దరఖాస్తు రాసే తీరు, వెనుక దారి, ముందే డబ్బు పుచ్చుకునే నియమం, ఊరి పేరు దాచడం, ఇవన్నీ కళంకం ఒక సంస్థకు నేర్పిన పద్ధతులు. ఆ రోజు అక్కడ అనుమతి ఉంది, కళంకం కూడా ఉంది. ఇక మూడవదానికి రొయ్యల చెరువులను చూడండి. చెరువు యజమానికి ఊళ్లో గౌరవం ఉంటుంది, పక్క చేలోకి ఉప్పునీరు ఊరి పంట పోయినా, మంచినీళ్ల బోరు చెడినా ఆ గౌరవానికి పెద్దగా లోటు రాదు. హాని ఉంది, కళంకం లేదు.

ఈ మూడింటినీ విడదీసి చూడడం అలవాటైతే, అశ్లీల చిత్రాల పరిశ్రమ గురించి మీరు రాసే ప్రతి వాక్యంలో ఏది చట్టం గురించిన మాట, ఏది జనాభిప్రాయం గురించిన మాట, ఏది మనుషులకు జరిగిన హాని గురించిన మాట అన్నది స్పష్టంగా ఉంటుంది. పైన చెప్పిన 2020 సంఘటనలో హాని నిజమైనది. అక్కడ కళంకాన్ని అధ్యయనం చేస్తున్నానన్న పేరుతో ఆ హానిని చిన్నది చేసి రాస్తే నేను మీ పక్షాన ఉండను. అలాగే హాని ఉంది కనుక ఆ పరిశ్రమలో పనిచేసే ప్రతి వ్యక్తీ దుర్మార్గుడో బాధితుడో అయి తీరాలని మొదటే నిశ్చయించుకుంటే, ఇక ఎవరినీ ఏమీ అడిగే అవసరమే ఉండదు.

కళంకం శాశ్వతమైనదేమీ కాదని చెప్పడానికి కూడా మన గోదావరి ఒడ్డునే చరిత్ర ఉంది. పెళ్లిళ్లలోనూ దేవాలయాల్లోనూ కలావంతుల మేళం, అంటే ఆటపాటలే వృత్తిగా ఉన్న స్త్రీల బృందాన్ని, పెట్టించడం ఒకప్పుడు ఇంటి ప్రతిష్ఠ. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి వంటి సంస్కర్తలు దానికి వ్యతిరేకంగా నిలిచారు, 1893లో మద్రాసులోని సంస్కర్తలు వైస్రాయికి విన్నపం పంపారు, 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీగా అంకితం చేయడాన్ని చట్టంతో నిషేధించింది. ఊహ తెలియని ఆడపిల్లలను అంకితం చేయడం ఆగవలసినదే, అందులో నాకు సందేహం లేదు. అయితే రెండు తరాల్లో నింద ఎవరి మీదకు చేరిందో చూడండి. మేళాన్ని నడిపిన స్త్రీల మనుమరాళ్లు తాము ఫలానా అని చెప్పుకోలేని స్థితికి వచ్చారు, మేళాన్ని పోషించిన కుటుంబాలకు మాత్రం ఆ ఊసే అంటలేదు. మన డెల్టా గ్రామాల్లో ఆ స్త్రీలతో మాట్లాడి దవేశ్ సోనేజీ రాసిన పుస్తకం 2012లో వెలువడింది. నిందపడ్డవారి దగ్గర కూర్చుని వినడం ఎలాగో అది చదివితే తెలుస్తుంది.

ఇప్పుడు మీరు క్షేత్రంగా దేన్ని ఎంచుకోవాలన్న ప్రశ్న. విదేశీ నిర్మాణ సంస్థల్లోకి మీకు ప్రవేశం దొరకడం కష్టం, దొరికినా వెళ్లి రావడానికి పరిశోధక వేతనం చాలదు. మన దేశంలో నిర్మాణమే నేరం కనుక ఇక్కడ చేసేవారు మీతో మాట్లాడరు, మాట్లాడితే వారికీ ప్రమాదం, మీకూ ప్రమాదం. నన్నడిగితే రెండు దారులను కలపమంటాను. చెల్లింపుల వ్యవస్థను, అంటే కార్డు కంపెనీల నియమాలు, కోర్టు తీర్పులు, పార్లమెంటు కమిటీల ముందు ఇచ్చిన వాంగ్మూలాలు, పరిశ్రమ సంఘాల ప్రకటనలు, వీటిని ఆధారం చేసుకుని ఒక భాగం రాయండి. కెనడా పార్లమెంటు కమిటీ ఒకటి 2021లో జరిపిన విచారణలో ఆ పెద్ద సైటు యాజమాన్యమే హాజరై జవాబులు చెప్పింది. అవి అందరికీ అందుబాటులో ఉన్నాయి, ఇలాంటి పత్రాలు చదవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మనుషులతో మాట్లాడే రెండవ భాగానికి హైదరాబాదు వెళ్లండి. సామాజిక మాధ్యమాల్లోకి వచ్చే అశ్లీల, హింసాత్మక దృశ్యాలను చూసి తొలగించే పనిని అక్కడి అవుట్‌సోర్సింగ్ కార్యాలయాల్లో యువతీయువకులు చేస్తున్నారని రాయిటర్స్ 2019లోనే రాసింది. ఈ పనిమీద సారా రాబర్ట్స్ అనే పరిశోధకురాలు ఎన్నో ఏళ్లు పనిచేశారు. రోజంతా అలాంటివి చూసి సాయంత్రం ఇంటికి ఫోను చేసి "సాఫ్ట్‌వేర్ పని" అని చెప్పే కుర్రాడు ఏ రాజోలు నుంచో తణుకు నుంచో వచ్చినవాడు కావచ్చు. అతని ఉద్యోగం పూర్తిగా చట్టబద్ధమైనది. అతనితో మీరు తెలుగులో మాట్లాడగలరు, ఆ అనుకూలత విదేశీ పరిశోధకుడికి లేదు. అయితే అలాంటి ఉద్యోగులు గోప్యతా ఒప్పందాల మీద సంతకం చేసి ఉంటారు, కనుక వారిని కంపెనీ రహస్యాలు అడగవద్దు, వారి జీవితం గురించి అడగండి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను, మిగతాది న్యాయవాదిని అడిగి తెలుసుకోండి. సమాచార సాంకేతిక చట్టం 67ఏ సెక్షన్ ప్రకారం బాహాటమైన లైంగిక దృశ్యాలను ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురించడం, పంపడం నేరం. మొదటిసారికి అయిదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. శాస్త్రం, సాహిత్యం, కళ, విద్య ప్రయోజనాల కోసం చేసే ప్రచురణకు ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది, కానీ దాన్ని నిరూపించుకోవలసిన భారం మీ మీదే పడుతుంది. మీ పరిశోధనకు అలాంటి దృశ్యాలు సేకరించే అవసరమే లేదు, కనుక లాప్‌టాప్‌లో ఒక్కటి కూడా ఉంచుకోవద్దు, ఎవరికీ వాట్సాప్‌లో పంపవద్దు. పిల్లలకు సంబంధించినవైతే పరిశోధన కోసం అన్న మాటకు తావే లేదు. వాటిని చూడడం, దగ్గర ఉంచుకోవడం కూడా నేరమేనని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో స్పష్టం చేసింది.

అనుమతి లేకుండా, మీరెవరో చెప్పకుండా ఎవరినీ గమనించవద్దు. 1970లో లాడ్ హంఫ్రీస్ అనే అమెరికన్ పరిశోధకుడు, బహిరంగ మరుగుదొడ్లలో లైంగికంగా కలుసుకునే పురుషుల మీద రాసిన పుస్తకం గురించి నేటికీ తరగతుల్లో చెబుతారు. ఆయన వారి కార్ల నంబర్లు రాసుకుని, వాటి ద్వారా చిరునామాలు సంపాదించి, ఏడాది తరువాత వేషం మార్చుకుని వేరే సర్వే పేరుతో వారి ఇళ్లకు వెళ్లి ప్రశ్నలు అడిగారు. ఆయన కనుగొన్నవి విలువైనవే, ఆ మనుషుల మీద ఉన్న అపోహలు కొన్ని తొలగాయి కూడా. అయినా ఆ నోటుపుస్తకం ఒక్కటి పోలీసుల చేతికి చిక్కి ఉంటే ఎన్ని కాపురాలు కూలేవో ఊహించండి.

ఇంట్లో చెప్పే విషయానికి వస్తున్నాను. సినాప్సిస్ ఇవ్వకముందే చెప్పండి. రిజిస్ట్రేషన్ అయ్యాక మీ అంశం పేరు విభాగం నోటీసు బోర్డు మీదకో వెబ్‌సైటులోకో వస్తుంది, అక్కడి నుంచి రావులపాలెంలో ఉన్న బంధువు ఎవరో చదివి మీ నాన్నగారికి ఫోను చేస్తారు. ఆయన ఆ మాట మొదట మీ నోట వినాలి. పరిశ్రమ పేరుతో మొదలుపెట్టకుండా మీ ప్రశ్నతో మొదలుపెట్టండి. నేరం చేయని ఖాతాదారుకు కూడా బ్యాంకు ఖాతా ఎందుకు నిరాకరిస్తుంది, ఆ నిర్ణయం ఎవరు తీసుకుంటారు, కాగితం మీద ఏ కారణం రాస్తారు అని ఆయననే అడగండి. సహకార సొసైటీలో పనిచేసిన మనిషికి ఎవరికి అప్పు ఇస్తారో, ఎవరిని ఏ సాకు చెప్పి పంపేస్తారో పుస్తకాల్లో లేనంత తెలిసి ఉంటుంది. మీకు మొదటి మంచి ఇంటర్వ్యూ మీ ఇంటి వరండాలోనే దొరికినా నేను ఆశ్చర్యపోను. ఆ తరువాత ఏ పరిశ్రమను చూడబోతున్నారో దాచకుండా చెప్పండి. కోపం వస్తుంది, రానివ్వండి. అమ్మగారికి మాత్రం విడిగా, ముందుగా చెప్పడం మంచిది.

సంబంధాల గురించి మీకు తీపి మాటలు చెప్పను. గోఫ్‌మన్ చెప్పిన ఆ అంటుకునే కళంకం మీ వరకూ వస్తుంది, మగ పరిశోధకుడికంటే మీకు ఎక్కువ వస్తుంది. పెళ్లిచూపులకు వచ్చినవారు ఏం చదువుతున్నావమ్మా అని అడిగితే, సంస్థల మీద పరిశోధన అని చెబితే అది అబద్ధం కాదు. అయితే ఆ అబ్బాయితో మాత్రం అంశం పూర్తిగా మీరే చెప్పండి, నిశ్చయానికి ముందే చెప్పండి. తరువాత తెలిసి ముఖం మాడ్చుకునేవాడి సంగతి ముందే తెలియడం మీకే మేలు.

గైడుగారిని పిరికివారని అనుకోవద్దు. "నాకూ వద్దు" అన్న మాటలో ఆయన నిజమే చెప్పారు, విద్యార్థి అంశం గైడు పేరుతో కలిసే తిరుగుతుంది. ఆయనకు కావలసినది మీ ధైర్యం కాదు, రేపు విభాగాధిపతి అడిగితే చూపడానికి కాగితాలు. హడ్సన్, ఆష్‌ఫోర్త్‌ల వ్యాసాలు, రెండు పేజీల నైతిక జాగ్రత్తల పత్రం, దృశ్యాలేవీ సేకరించబోనన్న లిఖితపూర్వక హామీ, ఇవి ముందు ఆయన బల్ల మీద పెట్టండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం మీకు పరిశోధన సలహా సంఘం ఉంటుంది. దాని సమావేశంలో మీ అంశాన్ని చర్చకు పెట్టి, అక్కడి నిర్ణయాన్ని మినిట్స్‌లో రాయించుకుంటే భారం ఆయన ఒక్కరి మీద పడదు. సమాజ శాస్త్ర విభాగం నుంచి ఒక సహ గైడును కోరవచ్చు. శీర్షికలో పరిశ్రమ పేరును నాటకీయంగా పెట్టవద్దు, అలాగని పూర్తిగా దాచవద్దు. "కళంకిత పరిశ్రమలలో సంస్థల మనుగడ: చెల్లింపుల వ్యవస్థ, దృశ్యాల వడపోత పని" వంటిది నిజాయితీగానూ ఉంటుంది, ఆ సలహా సంఘం ముందు నిలబడుతుంది కూడా. రేపు కాకినాడలోనో భీమవరంలోనో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ఆ శీర్షిక చదివి ఎవరో ఒకరు నవ్వుతారు. మీరు చెప్పబోయే జవాబు చెల్లింపుల వ్యవస్థ గురించి అయితే ఆ నవ్వు అక్కడితో ఆగుతుంది. నిబంధనల ప్రకారం మీకు సాధారణంగా ఆరేళ్ల గడువు ఉంటుంది, మహిళలకు అదనంగా రెండేళ్ల సడలింపు ఉంది, కనుక అంశం తేల్చుకోవడానికి ఒక సెమిస్టరు పోయినా కంగారు పడవద్దు. ఇంతా చెప్పాక కూడా ఆయన వద్దంటే, గైడును మార్చుకోవడమో అంశంలో మొదటి సగాన్ని మాత్రమే ఉంచుకోవడమో చేయండి, ఆయనతో తగవు మాత్రం వద్దు.

మీ చివరి ప్రశ్నకు జవాబు: వేయవద్దు. కృతజ్ఞతల పేజీలో వారి పేర్లే కాదు, లోపలి అధ్యాయాల్లో వారి ఊరు, కులం, కాలేజీ, చేరిన సంవత్సరం కూడా యథాతథంగా రాయవద్దు. పెద్ద నగరంలో మారుపేరు చాలు, మన డెల్టాలో చాలదు. "కాలువ గట్టు మీద ఇల్లు, తండ్రికి జనరేటరు అద్దె వ్యాపారం, అక్క కువైట్‌లో" అని మూడు వివరాలు రాస్తే ఆ మండలంలో ఎవరైనా ఆ ఇంటికి దారి చెప్పగలరు. అలాంటి వివరాలను విశ్లేషణకు నష్టం లేకుండా మార్చండి, మార్చారని పద్ధతుల అధ్యాయంలో రాయండి. అసలు పేర్లకూ మారుపేర్లకూ ఉన్న జాబితాను ఫోనులో పెట్టుకోకుండా, ఇంటర్వ్యూ రాతల నుంచి వేరుగా తాళం వేసి ఉంచండి. గ్రంథం ఆమోదం పొందాక ఆ జాబితాను ఏం చేస్తారో సమ్మతి పత్రంలోనే, వారికి అర్థమయ్యే తెలుగులో ముందుగా రాసి ఇవ్వండి.